దొంగల గుండు నుంచి నూటిరవై అడుగులు

తెలంగాణ వచ్చిన తర్వాత నాలుగో ఎండాకాలంలో నన్ను ఇబ్రహీంపట్నం మండల సర్వేయరుగా వేశారు. పక్కనున్న మంచాల మండలానికి కూడా ఇన్‌ఛార్జిని నేనే. పదవీ విరమణకు పద్నాలుగు నెలలుంది. మోకాళ్లు అప్పటికే మొరాయిస్తున్నాయి. సాగర్ రోడ్డు పొడవునా ప్లాట్ల వెంచర్లు, వెంచరుకో హద్దు తగాదా. ఊపిరి సలపని పని.

ఆ ఏప్రిల్‌లో తహసీల్దారు గారు ఒక దరఖాస్తు నా చేతిలో పెట్టారు. మంచాల వైపు ఒక ఊరి కుంటకు వాన నీళ్లు తెచ్చే ఒర్రె ఒకటి ఉండేది. ఆ సన్నటి కాలువ ఏళ్ల తరబడి పూడి పూడి ఆనవాలు లేకుండా పోయింది. దాని హద్దులు తేల్చాలి. దరఖాస్తు పెట్టింది ఆ ఊరి నుంచి గల్ఫ్ పోయినవాళ్ల సంఘం. కంపెనీ చేతులెత్తేస్తే మనిషిని ఇంటికి చేర్చడం, జబ్బు పడితే దవాఖానలో తోడుండడం వాళ్ల పని. ఊరి బాటల వెంట వేపచెట్లు నాటించిందీ వాళ్లే. ఇప్పుడు ఒర్రె తవ్విస్తామంటున్నారు.

వాళ్ల తరఫున ఆఫీసు చుట్టూ తిరిగింది లక్ష్మమ్మ. ఆమె భర్త నర్సింహ మస్కట్‌లో మేస్త్రీ. ఏడేళ్ల కింద బోరు ఎండిపోయాకే అక్కడికి పోయాడు.

"ఒర్రె పారితె కుంట నిండుతది సారు. కుంట నిండితె మా బోరు పోస్తది. బోరు పోస్తె ఆయనొస్త అన్నడు," అని కేసంతా మూడు ముక్కల్లో చెప్పేసింది.

ఒర్రె ఉండాల్సిన చోట ఒక వెంచరువాళ్లు వారంలో ప్రహరీకి పునాది తీయబోతున్నారు. గోడ లేచిందంటే ఇక కోర్టే.

హద్దు తేల్చడానికి మాకు రెండు కాగితాలు ఆధారం. ఒకటి టిప్పన్, ఒక్కో సర్వే నంబరుకు కొలతలతో వేసిన చిత్తు పటం. రెండోది నక్షా, ఊరంతటి పటం. ఈ ఒర్రె ఉన్న నంబరు టిప్పన్ చెమ్మకు పొడిపొడి అయిపోయింది. నక్షాలో ఒర్రె ఒక గీత మాత్రమే. ఆ పటంలో గీత మందమే నేల మీద చాలా గజాలవుతుంది. గీత ఎక్కడ వంగిందో చూడాలంటే భూతద్దం కావాలి.

చుట్టుపక్కల రైతులకు నోటీసులిచ్చి, కొలత గొలుసు పట్టే చైన్‌మన్ యాదగిరిని తీసుకుని పోయాను. ఊరి పెద్దమనుషులు నలుగురిని అడిగితే నలుగురూ నాలుగు చోట్లు చూపించారు. సరే, మన కాగితమే మనకు దిక్కనుకుని నక్షా ప్రకారం సున్నంతో గీత పోయించాను. లక్ష్మమ్మ దాన్ని ఫోన్‌లో వీడియో తీసి మస్కట్‌కు పంపింది. అయిదు నిమిషాల్లో నర్సింహ ఫోన్ చేశాడు.

"గాడ కాదు సారు. తప్పు గీసినవ్."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ముప్పై రెండేళ్ల సర్వీసు నాది. ఏడేళ్లుగా ఊరి మొహం చూడనివాడు నాకు తప్పు చెప్పడమా! "అయితె నువ్వే అచ్చి గొలుసు పట్టు," అని కసిరాను.

అతను కోపం తెచ్చుకోలేదు. "దొంగల గుండు కాడ్నుంచి లెక్కవెట్టు సారు. పొద్దుపొడిసే దిక్కు నూటిరవై అడుగులు. గాడ ఒర్రె ఎడమకు తిరుగుతది. కప్పల గుంత ఒస్తది. ఇంకో నలభై అడుగులకు రాతి తూముంటది," అన్నాడు. దొంగల గుండంటే పొలాల మధ్యనున్న పెద్ద బండరాయి.

ఇదంతా ఎట్లా గుర్తుందని అడిగాను. అప్పుడు చెప్పాడు. పనివాళ్ల క్యాంపులో ఆ ఊరివాళ్లంతా ఒకే గదిలో ఉంటారట. శుక్రవారం సెలవు. వంట కాగానే అందరూ కూర్చుని ఊరు నడుస్తారట. ఒకరు బస్సు దిగిన చోట మొదలుపెట్టి దారిలో ఎన్ని అడుగులేస్తే ఏమేమి వస్తాయో చెప్పాలి. ఆపిన చోట ఇంకొకరు అందుకోవాలి. ఒక వారం వాడల్లోంచి, ఒక వారం పొలాల మీది నుంచి. ఎవడు తప్పితే ఆ పూట వాడే గిన్నెలు తోమాలి. ఏడేళ్లుగా ఒక్క శుక్రవారం మానలేదట.

"ఊరు మర్సిపోతమేమోనని భయమైతది సారు," అన్నాడు.

నాకు అతని మాట నమ్మాలనిపించింది. అయినా సర్వేయరు బుద్ధి ఎక్కడికి పోతుంది? ఒక మనిషి మాట మీద హద్దు వేయలేం. ఆ గదిలోనే అయిదేళ్లుండి, తర్వాత కువైట్‌కు మారిన ఖాజా అనే అతని నంబరు లక్ష్మమ్మ ఇచ్చింది. నర్సింహను లక్ష్మమ్మ ఫోన్‌లో లైన్లోనే ఉంచాను, ఇద్దరూ మాట్లాడుకోకుండా. నా ఫోన్ నుంచి ఖాజాను అడిగాను. అదే గుండు, అవే అడుగులు, అదే ఎడమ మలుపు. చివరికి కప్పల గుంత కూడా! యాదగిరి గొలుసు వదిలేసి నోరు తెరిచాడు.

గుండు దగ్గర మొదలుపెట్టి, నా అడుగులతో లెక్కపెట్టి తవ్వించాను. అంతా మొరం మట్టే, తూము జాడే లేదు. వెంచరు సూపర్‌వైజరు నవ్వాడు. నా మొహం మాడిపోయింది. మళ్లీ ఖాజాకే ఫోన్ చేశాను.

"సాబ్, ఎవరి అడుగులేసినవ్?"

"నావే."

"గదే మరి. నువ్వు బాట మీద నడిసెటోనివి. మేము చిన్నప్పుడు మేకలెంబడి నడిసినం. గా అడుగు జర పొట్టిగుంటది."

ఆ మాట విన్న లక్ష్మమ్మ ముందుకొచ్చింది. ఆమె ఇంట్లో ఇప్పటికీ మేకలున్నాయి. కర్ర భుజాన వేసుకుని, ముందు మంద ఉన్నట్టే నింపాదిగా నడుస్తూ లెక్కపెట్టింది. ఎడమకు తిరిగింది, ఇంకో నలభై వేసి ఆగింది. అక్కడ నడుము లోతు తవ్వగానే గడ్డపార ఖంగుమంది. బండరాళ్లు పేర్చి కట్టిన తూము, చెక్కుచెదరలేదు. దానికి రెండు వైపులా ఒర్రె గట్టు రాళ్లు వరుసగా బయటపడ్డాయి. నా సున్నం గీత అక్కడికి ఇరవై గజాల అవతల ఉంది. దాన్ని నా కాలితో నేనే చెరిపేశాను.

లక్ష్మమ్మ ఫోన్ తిప్పి తూము చూపిస్తే, అవతల నర్సింహ ఏడుస్తున్న చప్పుడు మా అందరికీ వినిపించింది.

తహసీల్దారు గారు మాత్రం నిబంధనల పుస్తకం తీశారు. వాంగ్మూలం హద్దు మీద నిలబడి ఇవ్వాలి, మస్కట్‌లో ఉండి ఇస్తే చెల్లదన్నారు. ఆయన మాటా నిజమే. అందుకని తూమునే ఆధారంగా రాసి, అది దొరికిన తీరును కింది పేరాలో అడుగుల లెక్కతో సహా రాశాను. పంచనామా మీద అందరూ సంతకాలు చేశారు. వెంచరువాళ్లు గోడను లోపలికి జరుపుకున్నారు. వానలకు ముందే సంఘంవాళ్లు ఒర్రె తవ్వించారు. ఆ ఏడు కుంట అలుగు దాకా నిండింది.

ఈ కేసు నాకు నేర్పింది ఒకటే. ఊళ్లో ఉన్నవాళ్ల కళ్లముందే ఒర్రె కొంచెం కొంచెంగా పూడింది కనుక అది ఎప్పుడు పోయిందో వాళ్లకు తెలియలేదు. ఊరు విడిచిపోయినవాళ్ల దగ్గర అది వాళ్లు పోయిననాటికి ఎట్లా ఉందో అట్లాగే ఉంది. ఆ తర్వాత టిప్పన్ లేని కేసు వస్తే, ఈ ఊరి నుంచి బయటికి పోయినవాళ్లు ఎవరని ముందే అడిగి ఒక కాగితం మీద నంబర్లు రాసుకునేవాణ్ని. రిటైరైన రోజు ఆ కాగితాన్ని నక్షాలతో పాటు ఛార్జి లిస్టులో చేర్చి కొత్త సర్వేయరుకు అప్పగించాను. అందులో ఒక్క నంబరు మాత్రం కొట్టేశాను. నర్సింహ అప్పటికి ఊళ్లోనే ఉన్నాడు.