పది నిమిషాల సర్వపిండి

ఆ రోజుల్లో (మరీ వెనక్కి పోనక్కర్లేదు, నా నెత్తిమీద జుట్టు నిండుగా ఉన్న రోజులు) జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లిలో నాకు మూడు చికెన్ షాపులుండేవి. నాకు అంటే, పేరు, మసాలా, గోడల రంగు, చివరికి మేం పెట్టుకునే టోపీలు కూడా హైదరాబాద్ కంపెనీవే. తిరుగుడూ చెమటా మాత్రం నావి. జనం "మూడు షాపుల సేటు" అంటుంటే పైకి మురిసిపోయేవాణ్ణి గానీ, పొద్దస్తమానం ఇంకొకరి పేరు మోస్తున్నానన్న వెలితి లోపల ఉండేది. నాదంటూ ఒక పేరు నిలబెట్టాలని జనగామ బస్టాండు దగ్గర నాలుగో దుకాణం తెరిచాను. (కోడి ముట్టుకోనంతవరకు మాకేం పట్టింపు లేదని కంపెనీవాళ్లు అన్నారు.) బోర్డు మీద "అత్తమ్మ సర్వపిండి" అని రాయించాను. అత్తమ్మంటే బచ్చన్నపేటలో ఉండే మా మేనత్త. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, కారం కలిపి, గిన్నె లోపల చేత్తో అద్ది, సన్నని సెగమీద ఆమె కాల్చే సర్వపిండి చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ తెలుసు. "నా పేరు బజార్ల పెడుతున్నవ్, జర పైలం కొడుకా" అంటూనే సంచినిండా సొంత గిన్నెలు తెచ్చుకుంది.

నేను చేసిన ఘనకార్యం ఏమిటంటే, కంపెనీ దగ్గర నేర్చుకున్న తెలివినంతా అక్కడ కుమ్మరించడం. పది నిమిషాల్లో రాకపోతే ఉచితమని గోడకు పెద్దక్షరాలతో అంటించాను. కంపెనీ చికెన్ సగం తయారై పెట్టెల్లో వస్తుంది. సర్వపిండి అలా రాదు. ఒక్కో గిన్నెకు పావుగంట పడుతుంది, అది చల్లారితే గానీ మళ్లీ పిండి అద్దడానికి వీల్లేదు. మొదటిరోజు వచ్చినవాళ్లలో సగంమంది బల్లమీద ఫోన్లు పెట్టుకొని, టైము చూస్తూ, పదకొండో నిమిషం కోసం భక్తిగా ఎదురుచూశారు. నేను పొయ్యికీ బల్లలకూ మధ్య పరుగులు పెడుతున్నాను.

"అత్తా, జర జల్ది!"

"గిన్నె సల్లారాలె బిడ్డా. నువ్వు ఉరికితే అది సల్లారుతదా?"

ఆమె ఉల్లిగడ్డలు తేవడానికి లోపలికి పోగానే మంటలన్నీ పెద్దవి చేశాను. పది నిమిషాలకు సరిగ్గా పళ్లెం వెళ్లింది. మేనత్త పేరు విని దేవరుప్పుల నుంచి వచ్చిన ఒక పెద్దాయన ముక్క తుంచాడు. అడుగు బొగ్గు, లోపల పచ్చిపిండి.

"అక్కా, గిది నువ్వు చేసిందేనా?"

అందరూ ఆమె వైపు చూశారు. నేనూ చూశాను (నా ధైర్యం అంతటిది). ఆమె ఒక్క క్షణం ఆ ముక్కను చూసి, "నేనే అన్నా, జర మాడింది. ఇంకోటి పెడుత, కూసో" అంది. పొద్దుగూకే ముందు గిన్నెలు సంచిలో సర్దుకొని బచ్చన్నపేట బస్సెక్కింది. నన్నొక్క మాట కూడా అనలేదు. అన్నా బాగుండేది.

మర్నాడు పొద్దున్నే వాళ్లింటికి వెళ్లి, మంట పెంచింది నేనేనని తల దించుకొని చెప్పాను.

"గది నాకు అప్పుడే ఎర్క. ఇన్నేండ్లు వండినదాన్ని, మంట సంగతి తెల్వదా?"

"మరి అందరి ముందట ఎందుకు చెప్పలే అత్తా?"

"బోర్డు మీద నా పేరున్నా, దుకాన్ల నిలబడ్డది నీ మొఖం కదరా. మొదటి దినమే గది పోతే మళ్ల ఎట్ల తెస్తవ్?"

నాకు కళ్లనీళ్లు ఆగలేదు. ఆమె మాత్రం చాయ్ తాగి, గిన్నెల సంచి నా భుజానికి తగిలించి, "నడువ్, గోడకున్న గా కాయితం పీకినంకనే పొయ్యి ముట్టిస్త" అంది. పీకేశాను.

ఇప్పుడు కంపెనీ షాపులు లేవు. ఆ మూడు ఊళ్లలోనూ అత్తమ్మ పేరే ఉంది. సేటునన్న మురిపెంతో ఆనాడు పరుగులు పెట్టిన ఆ మనిషిని తలుచుకుంటే నవ్వొస్తుంది, కాస్త సిగ్గూ వేస్తుంది. ఎవరైనా ఆలస్యమైందని గట్టిగా అరిస్తే మాత్రం గల్లాపెట్టె వదిలి, పొయ్యి దగ్గరున్నవాళ్లకు అడ్డంగా వెళ్లి నిలబడి, "తప్పు నాదే అన్నా" అంటాను.