మాస్టారు గీసిన సున్న

మాస్టారు పోయారన్న కబురు నాకు తలకిందులుగా అందింది. పడవ ఎక్కడుందో కబురు పంపే కొత్త ట్రాన్స్‌మిటర్లను పరీక్షించడానికి ఒక మరపడవలో సముద్రం మీదికి వెళ్ళాను. రెండు రోజులు ఫోన్‌కి సిగ్నల్ లేదు. తిరిగొస్తూ ఫిషింగ్ హార్బర్ దగ్గరపడగానే మెసేజ్‌లన్నీ ఒక్కసారిగా మీద పడ్డాయి. మొదట చూసింది, ‘అన్నీ సక్రమంగా జరిగిపోయాయి, అమ్మగారు కాస్త తేరుకున్నారు.’ తరవాతది, ‘ఎన్నింటికి తీసుకెళ్తున్నారు?’ ఆ తరవాత ఎవరో చేతులు జోడించిన బొమ్మ. మాస్టారి బంధువులెవరో పోయారు కాబోలు, ఆయన్నే అడుగుదామని ఆయన నంబరే నొక్కాను. అది అక్కడ మోగుతూ ఉండగా ఇక్కడ అసలు కబురు వచ్చింది. ఫోన్ ఎవరూ ఎత్తలేదు.

ఇలా వెనకా ముందూ అయి వచ్చే కబుర్లతో ఏం చెయ్యాలో నాకు నేర్పింది ఆయనే. “ఆలస్యంగా వచ్చిన కబురుని ఇవాళ్టి కబురు అనుకోకమ్మా. అది బయల్దేరిన వేళకి నువ్వు వెనక్కి వెళ్ళు. అక్కడ నీ లెక్క దిద్దుకో. మళ్ళీ అక్కణ్ణించి ఇప్పటిదాకా నడిచి రా” అనేవారు. అప్పట్నించీ అదే పని చేస్తున్నాను. ఆయన పోయిన పొద్దున నేను పడవలో చేపల పులుసు తింటూ పకపకా నవ్వుతున్నాను. ఆ మధ్యాహ్నం పడవ నడిపే సరంగుతో, “మా మాస్టారికి కూడా ఈ పులుసు తెగ ఇష్టం” అన్నాను. ఇష్టం అట, అప్పటికే లేని మనిషికి! ఆ రెండు రోజుల్లో నేను అన్న ప్రతి మాటా వెనక్కి వెళ్ళి దిద్దుకోవాలి. ఎన్నిసార్లు నడిచినా ఇప్పటిదాకా రాలేకపోతున్నాను. మధ్యలో ఎక్కడో ఆయన మళ్ళీ బతికే ఉంటున్నారు.

ఆయన మా ఇంజినీరింగ్ కాలేజీలో నాకు పీహెచ్‌డీ గైడు. మేం చేసిన పనిని ‘ఫిల్టరింగ్’ అంటారు. కంటికి కనపడని దాన్ని, అరకొరగా వచ్చే కబుర్లను బట్టి అంచనా వెయ్యడం. గాజువాకలో మా మేనత్త మాత్రం “మా పిల్ల ఫిల్టర్ల మీద డాక్టరు సదువుతంది” అని వీధంతా చాటింది. ఒకాయన కారిపోతున్న మంచినీళ్ళ ఫిల్టరు పట్టుకుని మా ఇంటికొచ్చాడు. ఈ సంగతి చెప్తే మాస్టారు కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వి, “బాగు చేసి పంపావా లేదా?” అని అడిగారు. లేదంటే నిజంగానే నొచ్చుకున్నారు.

పడవలంటే ఆయనకి పిచ్చి. పరుగు మీదున్న పడవ ఒకలా కదులుతుంది, వల దింపిన పడవ ఒకలా, ఇంజన్ ఆగి నీటి ఒరవడికి కొట్టుకుపోయే పడవ మరోలా. తిన్నని గీతకి సరిపోయే లెక్క దీనికి సరిపోదు. పైగా అది పంపే కబురు దారిలో పోవచ్చు, ఆలస్యం కావచ్చు. అందుకని ఏ పడవ గురించీ ‘ఉంది’ అనేవారు కాదు. ‘ఉండొచ్చు’ అనేవారు. ఇంట్లోనూ అదే వరస. కాలేజీ నుంచి బస్సులో వస్తుంటే అమ్మగారు ఫోన్ చేసి ఎక్కడున్నారని అడిగితే, “ఎన్‌ఏడీ దాటాను, షీలానగర్ చేరలేదు. ఆ మధ్యన ఎక్కడో ఉండొచ్చు” అనేవారు. “అన్నం వార్చనా వద్దా, అది చెప్పండి చాలు” అని ఆవిడ కసురుకునేవారు.

హార్బర్‌లో మా మొదటి ప్రయోగం జరిగిన రోజు చెప్పాలి. చిన్న గదిలో ఒక తెర పెట్టాం. కబురు అందుతున్న పడవలన్నీ చుక్కలు. కబురు ఆగిపోతే చుక్క చుట్టూ ఒక గుండ్రటి గీత వస్తుంది. పడవ ఆ గీత లోపల ఎక్కడైనా ఉండొచ్చని దాని అర్థం. మౌనం సాగేకొద్దీ గీత పెద్దదవుతుంది. వెతికేవాళ్ళు ఎంత మేర వెతకాలో అదే చెప్తుంది. ల్యాబ్‌లో ఆ గీతకి ఎన్ని పేర్లు పెట్టుకున్నామో! తట్టాల్సిన పేరు మాత్రం ఒక్కరికీ తట్టలేదు.

చేపల తట్ట గుమ్మం దగ్గర దించి ఒకావిడ లోపలికొచ్చింది. వాళ్ళాయన పడవ పొద్దుట్నించీ పలకడం లేదు. తెర చూసింది. “ఏటి బావూ ఇది? మా పడవకి సున్న సుట్టీసేరేటి?” అంది.

సున్న చుట్టడమంటే తెలుసుగా. ఇక అయిపోయిందని కొట్టేయడం.

“సున్న కాదమ్మా” అన్నారు మాస్టారు. “మీ పడవ ఆ గీత లోపల ఉండొచ్చని.”

“ఉండొచ్చేటి? ఉందా నేదా?”

“ఉండొచ్చు తల్లీ.”

“మరది పెద్దదవతందేటి?”

“కబురు రాకపోయేకొద్దీ మాకు తెలిసింది తగ్గిపోతంది. తగ్గిపోతంటే దాచకూడదు కదా.” కంగారులో ఆయనకీ మా ఊరి యాస వచ్చేసింది.

“ఈ మాట సెప్పడానికా ఇంత సదువూ, ఈ పెట్టెలూ?” అని ఆవిడ తిట్లు లంకించుకుంది. అంతలో మాస్టారు నన్ను బయట యాంటెనా చూసుకోమని పంపారు, కబురు అందేదాకా నేను అక్కడే ఉన్నాను. సాయంత్రానికి పడవ నుంచి కబురొచ్చింది, గీత ముడుచుకుంది. ఆవిడ తట్ట ఎత్తుకుని వెళ్ళిపోయింది.

ఇప్పుడు నేను రుషికొండలో ఒక చిన్న కంపెనీలో చేస్తున్నాను. ఆ లెక్కే హార్బర్ పడవలన్నిటికీ పెట్టబోతున్నాం. పడవల యజమానులు ఒక్కటే మాట పట్టుకున్నారు, సున్న తీసెయ్యాలి, చివరిసారి కనబడ్డ చోట చుక్క ఉంచితే చాలు. మా మేనేజర్‌కీ అదే నచ్చింది. “చుక్కుంటే జనానికి ధైర్యంగా ఉంటుందండీ” అన్నాడు. ధైర్యంగానే ఉంటుంది. కొట్టుకుపోయిన పడవ కోసం అందరూ ధైర్యంగా పాత చోటికే వెళ్ళి వెతుకుతారు.

సముద్రం మీదికి వెళ్ళేముందు మాస్టారికి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. సున్న వద్దంటే ఊరుకోరనుకున్నాను. ఆయన మాత్రం, “చూసేవాళ్ళ గుండె కూడా లెక్కలోకి రావాలి కదమ్మా. ఆలోచిస్తాను. నువ్వొచ్చాక మాట్లాడుకుందాం” అన్నారు. అంతే. ఆయన దగ్గర్నించి నాకు వచ్చిన చివరి కబురు అది.

నాకు కోపంగా ఉంది. ఎవరి మీదో తెలియదు. ఏం ఆలోచించారో చెప్పి పోవచ్చు కదా! సున్న సంగతి తేల్చడానికి యజమానులతో పెట్టిన మీటింగుకి ముందు నాలుగు రోజులూ బీచ్ రోడ్డు మీద ఈ కొసనుంచి ఆ కొసకి తిరిగాను. ‘మాస్టారి ఆఖరి మాట ఇదీ’ అని ఏదో ఒకటి చెప్పేస్తే సరి, ఎవరూ ఎదురు చెప్పరు. కానీ ఆయన మనసులో ఏముందో నాకు తెలియదు. ఉండొచ్చు అనాల్సిన చోట ఉంది అని చెప్పి గెలవడానికి నోరు రాలేదు.

మీటింగు హార్బర్‌లోనే, చేపల వేలం షెడ్డు పక్కన. యజమానుల పెద్ద మొదలుపెట్టాడు. “సూడమ్మా, ఆ సున్న తీసీండి. ఆడోల్లు సూసి బెదిరిపోతారు.” నేను పాత చోట వెతికితే ఏమవుతుందో చెప్పబోయాను. అప్పుడు వెనకనుంచి ఒక గొంతు, “మీ మాస్టారు రానేదేటమ్మా?” అంది.

ఆ రోజు తిట్టినావిడే.

“పోయారమ్మా. పోయినవారం.”

ఆవిడ చెంగు నోటికడ్డం పెట్టుకుంది. “మాకెవలూ సెప్పనేదే” అంది. కాసేపటికి ఆ పెద్ద వైపు తిరిగింది. “ఆ రోజు నాను నోటికొచ్చినట్టు తిట్టీసేను. ఎల్లిపోతాడనుకున్నాను. ఎల్లనేదు. బల్ల ఈడ్సుకుని నా పక్కన కూకున్నాడు. ‘నాకూ తెలవదు తల్లీ’ అన్నాడు. పడవ కబురొచ్చీదాకా కదల్నేదు, టీ తాగనేదు. సున్నుంటే ఉండనీ బావూ. దాని కాడ ఒక మనిషుండాల. ఒక్కద్దాన్నే దాన్ని సూసుకుంటా కూకోనేను.”

ఇన్నేళ్ళూ ఆ లెక్కతో కాపురం చేశాను, ఈ సంగతి నాకు తెలియదు. ఆయన ఒక్కసారీ చెప్పలేదు. మాస్టారు ఆలోచిస్తానన్నది ఇదేనా? ఉండొచ్చు.

మా మేనేజర్ గొంతు సవరించుకుని, “మనిషిని కూర్చోబెట్టడం మన సాఫ్ట్‌వేర్‌లో లేదండీ” అన్నాడు. “ఇప్పట్నించీ ఉంటుంది, రాసుకోండి” అన్నాను. గీత ఉంటుంది, అది పెరుగుతున్నంతసేపూ గదిలో మన మనిషి ఒకరుంటారు. యజమానుల పెద్దాయన తల గోక్కున్నాడు. “సర్లే, సూద్దుం. ముందర నువ్వే కూకో” అన్నాడు.

ఎంతో కాలం ఆగక్కర్లేకపోయింది. అక్కడ పని మొదలుపెట్టిన వారంలోనే ఒక పడవ మధ్యాహ్నం నుంచి పలకడం మానేసింది. కొత్తగా పెళ్ళయిన పిల్ల ఒకర్తి పరుగెత్తుకుంటూ వచ్చి, బల్ల చివర కూలబడి తెర కేసి చూసింది. వెతికే పడవకి గీత కొలతలు చెప్పి ఫోన్ పెట్టేశాను. లేచి బయటికెళ్ళిపోదామని ఎంతగా అనిపించిందో చెప్పలేను. లేచి ఆ పిల్ల దగ్గరికే వెళ్ళాను.

“వచ్చీత్తాడా అక్కా?” అంది.

“నాకూ తెలీదమ్మా” అన్నాను.

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. కొంచెం పక్కకి జరిగి బల్ల మీద నాకు చోటిచ్చింది. ఇద్దరం తెర వైపు చూస్తూ కూర్చున్నాం. గీత ఇంకా బయటికి జరుగుతూనే ఉంది.