చచ్చాయని రాసిన తపసి మొక్కలు

పల్నాడు కొత్త జిల్లా అయిన ఏడాదే, జూలైలో, ఫారెస్ట్ సెక్షన్ ఆఫీసరుగా మాచర్ల వైపు అడవికి నాకు బదిలీ అయింది. అదే నా చివరి పోస్టింగు. సెక్షన్ ఆఫీసరంటే బీట్ ఆఫీసర్లకు పైన, రేంజి ఆఫీసరుకు కింద. రెండువైపుల నుంచీ తిట్లు పడే కుర్చీ.

నా పరిధిలోని ఒక రాళ్లగుట్ట మీద ఒకప్పుడు తపసి చెట్లు విరివిగా ఉండేవట. జిగురు కోసం ఇష్టమొచ్చినట్టు గొడ్డలిగాట్లు పెట్టి వాటిని ఎండబెట్టేశారు. నేను వెళ్లేసరికి మిగిలినవి పదకొండు. వాటి గింజలతోనే గుట్టను మళ్లీ నింపుతానని పట్టుబట్టి రేంజి ఆఫీసరును ఒప్పించాను. కానుగ పెడితే పోయేదానికి ఎందుకయ్యా ఈ తలనొప్పి అన్నారాయన.

తపసి కాయల మీద నూగు ఉంటుంది. ఒంటికి తగిలితే ఒకటే మంట. మా నర్సరీలో పనిచేసే చెంచు ఆవిడ గురవమ్మ చేతులకు గోనెపట్టా చుట్టుకుని ఆ తర్వాతి వేసవిలో కాయలు కోసింది. గింజలు తాజాగా ఉండగానే సంచుల్లో విత్తి, వానల్లో ఆరు వందల గుంటల్లో నాటాం.

మరుసటి మే నెలలో బతికినవాటి లెక్క తీయాలి. ప్రతి గుంట దగ్గరా ఆగి, బతికిందో చచ్చిందో రిజిస్టరులో గుర్తు పెట్టడమే ఆ పని. గుట్ట ఎక్కి చూశాను. ఒక్క ఆకు లేదు. పట్టుకుంటే పుల్ల పుటుక్కున విరుగుతోంది. అన్నీ చచ్చాయని రాసి సంతకం పెట్టాను. వాటిని పీకేసి తొలకరికి కానుగ పెట్టమని వారంలో ఉత్తర్వు వచ్చింది.

పీకడానికి వచ్చిన కూలీల్లో గురవమ్మ ఒక్కతే గునపం కింద పడేసింది.

"బతికున్నదాన్ని పాడెక్కిస్తన్నారేంది సారూ?" అంటూ ఒక ఎండుపుల్ల పక్కన మట్టి తోడింది. లోపల ముల్లంగి అంత గడ్డ. గోటితో గీరితే తడి. "చిన్నప్పుడు ఈ గడ్డలు చానా తిన్నాం. ఎండకి పైన మాడిద్ది, వానకి లేచిద్ది."

ముందే చెప్పొచ్చు కదా అన్నాను. "మీరడిగితేగా!" అంది.

ఇన్నేళ్ల సర్వీసులో ఈ సంగతి నాకు తెలియదు. సిగ్గేసింది, అంతకు మించి సంతోషమేసింది. నా లెక్క తప్పని నేనే రాసిచ్చాను. రేంజి ఆఫీసరు మండిపడ్డారు. తొలకరి పడ్డాక మూడు వారాలు చూస్తాననీ, చిగురు రాకపోతే కానుగతో పాటు నాకు మెమో కూడా ఖాయమనీ చెప్పారు. రిటైరయ్యే ముందు మెమో పడితే పింఛను కాగితాలు కదలవు.

జూన్‌లో రెండు మంచి వానలు పడ్డాయి. పద్దెనిమిదో రోజున రేంజి ఆఫీసరును వెంటబెట్టుకుని గుట్ట ఎక్కాను. ఎక్కడ చూసినా మెత్తటి చిగురు! గురవమ్మ ముందు నడుస్తూ "ఇదీ లేచింది, రాసుకోండి" అని అరుస్తుంటే, రిజిస్టరు నా చేతిలోంచి లాక్కుని రేంజి ఆఫీసరే రాశారు. ఐదు వందల పైచిలుకు లేచాయి. గట్టిగా కేక వేయాలనిపించింది. యూనిఫాంలో ఉన్నా వేశాను.

ఆ ఏడాది గుట్ట మీద కానుగ పెట్టలేదు. తపసి లెక్క తొలకరి తర్వాతే తీయాలని నేను రాసిన నోటు ఆమోదం పొందింది. మొక్క చచ్చిందని సంతకం పెట్టేముందు మట్టి తోడి చూడాలి. తోడేముందు, ఆ గడ్డలు తిని పెరిగినవాళ్లను అడగాలి.