జర లోపలికి

నాచారంలో నా మొదటి ఉద్యోగంలో ఒక టీమ్ లీడర్ ఉండేవాడు. పెన్ను మూతతో నా కంప్యూటర్ తెర మీద కొడుతూ, "జర లోపలికి జరుపు" అనేవాడు.

ఒక ఫ్యాక్టరీ స్టోర్ కోసం సాఫ్ట్‌వేర్ చేస్తున్నాం. తెర ఎడమ పక్కన జాబితా: యంత్రాల పేర్లు, వాటి కింద భాగాలు, వాటి కింద బోల్టులు. ఒక్కో మెట్టుకు పేర్లను ఎడమ అంచు నుంచి కొద్దిగా లోపలికి జరిపితే చాలని ఉప్పల్ లైబ్రరీలో చదివాను. అదే చెప్పాను.

"లైబ్రరీ ఇంజనీర్ సాబ్, పైనోనికి కిందోనికి మస్తు తేడా కనబడాలె," అని నవ్వాడు. ఆఫీసులో ఎత్తు కుర్చీ ఆయనదొక్కటే. ఆయన చెప్పినంతా జరిపాను.

ఫ్యాక్టరీలో చూపించే రోజు వచ్చింది. అది బాగా జరిగితేనే నా ఉద్యోగం ఖాయం. స్టోర్ కీపర్ బోల్టుల దాకా తెరిచాడు. పేర్లు కుడి అంచు దాటిపోయాయి.

"ఏంది సార్, పేర్లే కనబడ్తలేవు?"

"ఈ తమ్మునికి డిగ్రీ లేదు సార్. లైబ్రరీల సదువుకొని జేసిండు," అన్నాడు లీడర్, పెన్ను మూత నా వైపు తిప్పి.

నేను మొదట చెప్పిన కొలత పెట్టాను. పేర్లన్నీ కనిపించాయి.

"గిట్లుండాలె!" అంటూ స్టోర్ కీపర్ నాకు చెయ్యి కలపబోయాడు. లీడర్ మధ్యలోకి వచ్చి తన చెయ్యి అందించాడు.

ఉద్యోగం ఖాయమైంది. ఖాయం చేసిన కాగితం మీద లీడర్ సంతకం ఉంది కనుక దాన్ని ఇంట్లో ఎవరికీ చూపించలేదు.