వెన్నెల్లో కోసిన వెదురు

నా చిన్నప్పుడు మాటల్లో నన్ను గెలిచిన మనిషి మా వీధిలో లేరు. ఇప్పుడూ పెద్దగా లేరనుకోండి, అది వేరే సంగతి. ఎవరేం చెప్పినా ఎందుకని అడగడం, వాళ్ళు చెప్పిన కారణంలో కంత వెతకడం, ఆ కంతలో వేలుపెట్టి పెద్దది చేయడం నాకు అన్నం తిన్నంత సహజంగా ఉండేది. మా అమ్మ దాన్ని నోటిదురుసు అనేది. మా నాన్న లాయరు బుద్ధి అని మురిసిపోయేవాడు. మా మేనత్త ఏమీ అనేది కాదు.

అరకులో స్టేషను నుంచి ఊళ్ళోకి వచ్చే దారిలో మాకు బహుమతుల కొట్టు ఉండేది. ఇప్పటికీ ఉంది, నేనే నడుపుతున్నాను. విశాఖపట్నం నుంచి వచ్చే పాసింజరు బండి సొరంగాలన్నీ దాటుకుని, బొర్రా గుహల దగ్గర సగం జనాన్ని దింపి, మిగిలిన సగాన్ని తెచ్చి మా ముందు దింపేది. కొండ చూడటానికి వచ్చినవాళ్ళకి కొండలో ఒక ముక్క ఇంటికి పట్టుకెళ్ళి గోడకి తగిలించుకోవాలని ఉంటుంది. వాళ్ళ కోసం మట్టి గుర్రాలు, ఇత్తడి బొమ్మలు, రంగులేసిన ఎండు సొరబుర్రలు, వెదురుతో అల్లిన లైటు బుట్టలు పెట్టేవాళ్ళం. సరుకు కోసం తిరిగే పని మా నాన్నది. కొట్లో కూర్చునేది మా మేనత్త. పెళ్ళయిన రెండేళ్ళకే భర్త పోయి పుట్టింటికి తిరిగొచ్చిన మనిషి. ఎవరైనా బొమ్మ చూపించి ఇది మంచిదేనా అని అడిగితే, దాన్ని తీసి వాళ్ళ చేతిలో పెట్టి ఊరుకునేది. చూసుకోండి అని కూడా అనేది కాదు. ఇలా అయితే కొట్టు ఎప్పటికి బాగుపడుతుందని నాకు పదకొండేళ్ళ వయసులో పెద్ద దిగులుగా ఉండేది.

లైటు బుట్టలు అల్లేది బుట్టల తాత. గెడ్డ అని మేం పిలిచే కొండవాగు అవతలి గూడెంలో ఉండేవాడు. ఊరంతా ఆయన్ని అలాగే పిలిచేది. వెదురు బద్దల్ని ఆకు ఈనెంత సన్నగా చీల్చేవాడు. ఆయన అల్లిన బుట్టలో దీపం పెడితే గోడ మీద నీడలు పడేవి కావు, చేపల పొలుసులు పడేవి. ఆ ఇంటికి జొన్నలూ కందులూ పండే పొలం కాస్త ఉన్నా, ఏడాది పొడుగునా పొయ్యి వెలిగేది మా కొట్టుకిచ్చే బుట్టల మీదే.

ఒక శీతాకాలం మొదట్లో, కొత్తగా లాడ్జి కట్టిన ఒకాయన వచ్చి భోజనాల హాలు నిండా వేలాడదీయడానికి లైటు బుట్టలు కావాలన్నాడు. ప్రారంభం దగ్గరపడిందట. మా నాన్న ఊళ్ళో లేడు. నాకు బడి లేని రోజు. గూడేనికి వెళ్ళి, ఇన్ని బుట్టలు కావాలట, ఎన్ని రోజులు పడుతుందో కనుక్కుని రమ్మని అత్త నన్ను పంపింది. కనుక్కుని రమ్మంది, అంతే. ఆ ఒక్క మాట మీదే ఈ కథంతా నడుస్తుంది కాబట్టి ముందే చెబుతున్నాను.

తాత వాకిట్లో ఎండలో కూర్చుని కత్తి నూరుతున్నాడు. నేను చెప్పింది విని, తలెత్తి ఆకాశం వైపు చూశాడు. పున్నమి ఇంకా రాలేదు. పున్నమి వెళ్ళి, వెన్నెల తగ్గి, అమావాస్య దగ్గరపడ్డాక వెదురు నరకాలన్నాడు. ఆ తరువాత దాన్ని గెడ్డలో రాళ్ళ కింద నానబెట్టాలి. తీశాక పొయ్యి పైన అటక మీద పొగకి ఆరబెట్టాలి. అప్పుడు చీల్చడం, అల్లడం.

నేను వేళ్ళమీద లెక్కపెట్టాను. లాడ్జి ప్రారంభం దాటిపోతుంది.

“ఇప్పుడే నరికేస్తే ఏమవుతుంది తాతా?”

“ఎన్నెల్లో ఎదురు నరకరు గుంటా. పురుగు పడతాది” అన్నాడు. మా వైపు ఆడపిల్లని గుంట అంటారు.

ఇంకేం కావాలి నాకు. సరిగ్గా ముందు వారమే బళ్ళో సైన్సు మాస్టారు చంద్రుడి పాఠం చెప్పారు. చంద్రుడికి సొంత వెలుగు లేదనీ, అదొక రాయనీ, సూర్యుడి వెలుగే దానిమీద పడి మనకి వస్తుందనీ నేను కర్రముక్కతో నేలమీద గుండ్రాలు గీసి మరీ చెప్పాను. అంత దూరంలో ఉన్న రాయికీ గెడ్డ ఒడ్డున ఉన్న వెదురుకీ సంబంధం ఏమిటో చెప్పమన్నాను. ఆ పురుగు నెల చూసి వస్తుందా, దాని ఇంట్లో పంచాంగం ఉందా అని అడిగాను. చుట్టూ చేరిన పిల్లలు నవ్వారు. తాత కూడా కొంచెం నవ్వాడు. తరువాత, మా అయ్య అలాగే చెప్పాడమ్మా అన్నాడు. మీ అయ్యకి ఎవరు చెప్పారు అన్నాను. 

దానికీ ఆయన మాట మార్చుకోలేదు. కత్తి నూరుకుంటూనే ఉన్నాడు. అప్పుడు నేను ఒక పని చేశాను. ఇప్పటికీ దాన్ని తలుచుకుంటే చెవులు వేడెక్కుతాయి.

“మా అత్త బేగి తెమ్మంది. లేకపోతే వేరేవాళ్ళకి చెప్తానంది” అన్నాను.

కత్తి ఆగింది. అలాగన్నాదా అని అడిగాడు. అవునన్నాను. సరేలే అన్నాడు. వాదం గెలిచాననే అనుకుంటూ గెడ్డ దాటి గెంతుకుంటూ ఇంటికొచ్చాను. అనుకున్న రోజుకి ఇచ్చేస్తాడని అత్తకి చెప్పాను. అత్త నావైపు ఒక్క క్షణం ఎక్కువసేపు చూసింది. నాకు పొగడ్తలా అనిపించింది.

బుట్టలు చెప్పిన రోజుకే వచ్చాయి. పచ్చిదనం పూర్తిగా పోని లేత పసుపు రంగులో మెరిసిపోతున్నాయి. లాడ్జాయన సంబరపడ్డాడు. మా నాన్న నా వీపు తట్టాడు. దింపి వెళ్ళేముందు తాత అత్తతో గుమ్మం దగ్గర ఏదో మాట్లాడాడు. నేను పట్టించుకోలేదు, వచ్చినవాళ్ళకి సొరబుర్ర గొప్పతనం చెప్పడంలో మునిగి ఉన్నాను.

చలి తగ్గుముఖం పట్టాక ఒక ఉదయం లాడ్జాయన జీపు నిండా బుట్టలు వేసుకుని తిరిగొచ్చాడు. బల్లలమీదంతా పిండి రాలుతోందట. ఒకావిడ పెరుగన్నం మీద పడినదాన్ని చూసి, ఇదేమి పొడి, మీ ప్రాంతపు కారమా, బాగుంది అందట. నాకు నవ్వొచ్చింది. మా నాన్న మొహం చూసి ఆపుకున్నాను. బుట్టని బల్లకేసి తడితే సన్నటి పసుప్పచ్చ పిండి కుప్పగా రాలింది. బద్దల నిండా సూదితో పొడిచినట్టు కన్నాలు.

మా నాన్న ఎక్కువగా అరిచే మనిషి కాదు. ముసలాడికి పనిమీద శ్రద్ధ పోయిందన్నాడు. పట్నంలో ఎవరో ప్లాస్టిక్ బుట్టలు చూపించారట, అచ్చం వెదురులాగే ఉంటాయట, పురుగు పట్టదట. ఇకనుంచి అవే తెస్తానన్నాడు. వచ్చే సంతరోజు తాత వచ్చినప్పుడు ఆ మాట చెప్పేస్తానన్నాడు. అత్త వింటూ బుట్టలన్నీ ఒక మూల పేర్చింది. వాటిలోంచి ఒకటి తీసి, కొట్టు వెనక గదిలో నేను చదువుకునే బల్ల పైన, వేలాడుతున్న బల్బుకి తొడిగింది. ఎందుకని అడిగితే, అందంగా ఉంది కదా అంది.

మర్నాడు బడినుంచి వచ్చేసరికి నా పుస్తకాల మీద పిండి. ఊదేశాను. ఆ మర్నాడు మళ్ళీ. బండి వెళ్ళిపోయాక మధ్యాహ్నాలు మా కొట్లో చీమ నడిస్తే వినపడేంత నిశ్శబ్దంగా ఉండేది. ఆ నిశ్శబ్దంలో బల్లకి చెవి ఆనిస్తే కాదు, మామూలుగా కూర్చుంటేనే పైనుంచి చప్పుడు వినిపించేది. కర్ర్, కర్ర్. కాసేపు ఆగేది. నేను అక్షరం రాయగానే మళ్ళీ మొదలయ్యేది. ఒకరోజు సైన్సు నోటుబుక్కు తెరిచి పెట్టి నీళ్ళు తాగి వచ్చాను. నేను గీసిన చంద్రుడి బొమ్మలు, సన్న నెలవంక నుంచి నిండు పున్నమి దాకా వరసగా ఉన్నవి, వాటన్నిటి మీదా పిండి పడి ఉంది.

దాన్ని తీసేయమని అత్తని అడిగాను. ఏటి, నీకు అడ్డమా అంది. పుస్తకాలు పాడవుతున్నాయన్నాను. దులుపుకో అంది. నాతో అంతకంటే ఎక్కువ మాట్లాడలేదు. తిట్టి ఉంటే నేను ఎదురు తిట్టి గెలిచేదాన్ని. అడిగి ఉంటే ఏదో ఒకటి అల్లి చెప్పేదాన్ని. ఏమీ అననివాళ్ళతో ఎలా వాదించాలో నాకు తెలియదు. అన్నం తింటున్నా ఆ చప్పుడే.

సంతరోజు వచ్చింది. తాత భుజాన కావడితో కొత్త బుట్టలు తెచ్చాడు. కావడి దించకముందే మా నాన్న పాత బుట్ట తెచ్చి ఆయన ముందు తట్టాడు. పిండి ఆయన పాదాల మీద రాలింది. నాన్న నెమ్మదిగానే చెప్పాడు, ఇక నీ సరుకు వద్దని, పట్నంనుంచి తెప్పిస్తున్నానని. తాత కావడి కింద పెట్టి, ఆ బుట్ట తీసుకుని వెలుతురుకి పెట్టి చూశాడు. ఒక్కొక్క కన్నాన్నీ వేలితో తడిమాడు. నేను గల్లా పెట్టె వెనక నిలబడి, ఇప్పుడు నా పేరు చెప్తాడు, ఇప్పుడు చెప్తాడు అనుకుంటున్నాను. ఏమని ఎదురు చెప్పాలో నాలుక చివర సిద్ధం చేసుకున్నాను కూడా.

“తప్పు నాదే బాబూ. తొందరపడిపోనాను” అన్నాడు.

అంతే. నావైపు చూడలేదు. వంగి కావడి మళ్ళీ భుజానికెత్తుకున్నాడు. గెడ్డ అవతల ఆయన వాకిట్లో నవ్విన పిల్లలు గుర్తొచ్చారు. వాళ్ళు ఆయన మనవలని నాకు అప్పటిదాకా తట్టనేలేదు. అత్త గల్లా పెట్టె మీద చేతులు పెట్టుకుని నన్ను కాదు, వీధిని చూస్తోంది.

నా జీవితంలో నేను తడబడుతూ మాట్లాడింది ఆ ఒక్కసారే. వెన్నెల్లో నరకొద్దని తాత చెప్పాడని, నేనే వినలేదని, నానబెట్టడానికి కూడా సమయం ఇవ్వలేదని, అత్త అనని మాట అన్నదని చెప్పానని అన్నాను.  మా నాన్న నన్ను కొడతాడనుకున్నాను. ఆయన వెళ్ళి తాత భుజంమీద కావడి తనే పట్టి దించాడు. అత్త లోపలికి పోయి స్టీలు గ్లాసులో టీ తెచ్చి తాతకిచ్చింది. నాకివ్వలేదు.

అత్తకి ముందునుంచీ తెలుసని తరువాత తెలిసింది. బుట్టలు దింపిన రోజే తాత గుమ్మం దగ్గర, ఎందుకమ్మా అంత తొందర పెట్టినావు అని అడిగాడట. అప్పటికే వెదురు నరకడం, అల్లడం అన్నీ అయిపోయాయి. పెద్దయ్యాక ఒకసారి అడిగాను, ఆ రోజు నేను నోరు విప్పకపోతే ఏం చేసేదానివని. “నేనే సెప్పుదును. నువ్వు సెప్పేవు, బాగున్నాది” అంది. మా అత్త నన్ను మెచ్చుకున్నది అదొక్కసారే.

లాడ్జాయనకి చెప్పాల్సింది నేనేనని తేల్చారు. ఆయన విని, ఇంత పిల్ల మాటకి మీరంతా ఆడారా అని మా నాన్నని చూసి నవ్వాడు.  కొత్త బుట్టలు వచ్చేదాకా ఆగుతానన్నాడు. అమావాస్య ముందురోజు తెల్లారి తాతతో కలిసి వెదురు పొదల దగ్గరికి వెళ్ళాను. ఆయన నరుకుతుంటే కొసలు పట్టుకున్నాను. గెడ్డలో వాటి మీద పెట్టడానికి రాళ్ళు మోశాను. ఆ నీళ్ళ చల్లదనానికి కాళ్ళు కొయ్యబారిపోయాయి. ఒడ్డున కూర్చుని కాళ్ళు రుద్దుకుంటూ, ఆ రోజు నా పేరెందుకు చెప్పలేదని అడిగాను.

“నీతో వాదించి గెలిసి నానేటి సేసుకుంతాను, గుంటా?” అన్నాడు.

వెక్కిరింపుగా అనలేదు. నిజంగానే, గెలుపు అనేదాన్ని ఇంటికి పట్టుకెళ్ళి ఎక్కడ పెట్టాలో తెలియనివాడిలా అన్నాడు.

తరువాత నేను విశాఖపట్నంలో బీయస్సీ చదివాను, వృక్షశాస్త్రంతో. వెదురులో ఉండే పిండిపదార్థం కోసం పురుగు వస్తుందని, నీళ్ళలో నానితే అది చాలావరకు కరిగిపోతుందని అక్కడ తెలిసింది. అంటే తాత నానబెట్టడం శాస్త్రమే. మరి చంద్రుడు? దానికి నాకు ఇవాళ్టికీ సరైన జవాబు దొరకలేదు. కొందరు ఉందంటారు, కొందరు లేదంటారు. నేను రెండు పక్షాల తరఫునా వాదించగలను, అదే నా దౌర్భాగ్యం. ఒకటి మాత్రం తెలుసు. ఆ రోజు చంద్రుడి గురించి నేను చెప్పినవన్నీ నిజాలే. నా నిజాలకి బుట్టలన్నీ పుచ్చిపోయాయి.

అత్త పోయి చాలా ఏళ్ళయింది. నా బల్ల పైన తొడిగిన ఆ పుచ్చుబుట్ట మాత్రం ఇప్పుడు గల్లా పెట్టె పైన వేలాడుతోంది. అందులో పురుగులు ఎప్పుడో చచ్చాయి. కన్నాల్లోంచి వెలుతురు చుక్కలు చుక్కలుగా పడుతుంది. కొనడానికి వచ్చినవాళ్ళు ఈ డిజైను బాగుంది, ఇలాంటివి ఇంకా ఉన్నాయా అని అడుగుతుంటారు.

మొన్న ఒక రిసార్టుకి అలంకరణ చేసే అమ్మాయి ఫోన్ చేసింది. రెండు వారాల్లో బుట్టలు కావాలట, కుదురుతుందేమో కనుక్కుని చెప్పమంది. ఇప్పుడు మాకు అల్లేది తాత మనవరాలు. ఆనాడు వాకిట్లో అందరికంటే గట్టిగా నవ్విన పిల్ల. ఆమెకి ఫోన్ చేసి, ఎన్ని రోజులు పడుతుందని అడిగాను. అమావాస్య రావాల, నాననియ్యాల, నెలన్నర అంది. రిసార్టు అమ్మాయికి తిరిగి ఫోన్ చేసి నెలన్నర అన్నాను. ఎందుకంత ఆలస్యం, ఈ రోజుల్లో కూడా అమావాస్య ఏమిటండీ అని ఆమె మొదలుపెట్టింది. చురుకైన పిల్ల. నా నాలుక చివర పది మాటలు సిద్ధంగా ఉన్నాయి, ఎటువైపు కావాలంటే అటువైపు. తలెత్తి బుట్ట వంక చూశాను.

అల్లే మనిషి నెలన్నర అంది, నన్ను కనుక్కుని చెప్పమన్నారు, చెబుతున్నాను అన్నాను. దానికి ఇంకొక్క మాట కలపలేదు.