చింతగింజలతో చేసిన ప్రయోగం

అది 1950. నాది జనగామ. హైదరాబాద్‌లో అర్థశాస్త్రం చదివి, కేసముద్రం దగ్గరి ఒక పల్లెకు బడిపంతులుగా వెళ్లాను. ఊళ్లో పోలీసు క్యాంపు ఉండేది. నలుగురు కూడితే అనుమానం. సాయంత్రం పెద్దల చదువుకు మాత్రం అడ్డు చెప్పేవారు కాదు.

సాయుధ పోరాటంలో రైతుల సంఘం దొర నుంచి తీసుకుని పంచిన భూములు ఇంకా రైతుల చేతుల్లోనే ఉన్నా, చాలామందికి విత్తనం లేదు. అప్పుడు పారిపోయి పోలీసుల అండతో తిరిగొచ్చిన దొర, భూమి అప్పగించి తన కింద కౌలుకు చేసేవాళ్లకే విత్తనాలిస్తానన్నాడు. కొందరు నేలలో పాతర వేసి వడ్లు దాచుకున్నారు. అవి కలిపి పంచుకుంటే ఊరంతా విత్తుకోవచ్చు. కానీ ఎవరూ ముందుకు రారు.

నాకొక ఎక్స్‌పెరిమెంట్ తోచింది. చదువుకు వచ్చేవాళ్లకు తలా పది చింతగింజలిచ్చాను. తెర వెనక కుండలో ఎన్ని వేస్తారో వాళ్లిష్టం. చేతిలో ఉంచుకున్నవి వాళ్లవే. కుండలో పడ్డవాటిని రెట్టింపు చేసి, వేసినవాళ్లకూ వేయనివాళ్లకూ సమానంగా పంచుతాను. చివర్లో ఒక్కో గింజకు చారెడు ఉప్పు. నిజమైన లాభముంటేనే మనిషి నిజంగా ఆలోచిస్తాడు. దాన్ని ఇన్సెంటివ్ అంటారు.

మొదట కుండలో సగం గింజలు పడ్డాయి. మళ్లీ మళ్లీ పదేసి గింజలిచ్చి ఆడించాను. ఆటాటకూ తగ్గి, చివరికి కుండ అడుగు కనిపించింది.

"ఎవలేసిండ్రో ఎవలికెరుక? నేనొక్కన్నే ఎందుకెయ్యాలె?" అన్నాడు ఐలయ్య. పెద్ద పాతర అతనిదేనని ఊరంతా అనుకునేది.

మిగతాదంతా అలాగే ఉంచి ఒక్కటే మార్చడాన్ని కంట్రోల్ అంటారు. నేనూ ఒక్కటే మార్చాను. "ఈసారి వేసేముందు మాట్లాడుకోండి" అన్నాను.

పోరాటంలో భర్తను పోగొట్టుకున్న మల్లమ్మ లేచింది.

"క్యాంపు భయానికి నోళ్లు కుట్టుకున్నం. గిట్లనే ఉంటే మల్ల దొర గడీ ముంగట చేతులు కట్టుకోవాలె. గందుకేనా నా పెనిమిటి పానమిచ్చింది? నేను పదికి పది ఏస్త. నువ్వేమంటవ్ ఐలన్నా?"

ఐలయ్య తల దించుకున్నాడు. "ఏస్త చెల్లె" అన్నాడు.

తెర అలాగే ఉంది, ఎవరెన్ని వేశారో ఎవరికీ తెలియదు. అయినా ఆ ఆటలో కుండ నిండింది.

"పంతులూ, వడ్లకు గూడ గిట్లనే ఐతదా?" అని అడిగింది మల్లమ్మ. జవాబు ఐలయ్యే ఇచ్చాడు. తెల్లారి తన పాతర తవ్వి, వడ్ల బస్తాలు బడి అరుగు మీద దించాడు. మిగతావాళ్లూ తెచ్చారు. ఆ యేడు దొర దగ్గరికి ఒక్కరూ పోలేదు.

ఇలాంటి ప్రయోగాలు పెద్ద విశ్వవిద్యాలయాల్లోనూ చేస్తారని చాలా ఏళ్లకు చదివి గర్వపడ్డాను. మనిషి స్వార్థపరుడని ఏ ప్రయోగమైనా తేల్చిందని ఎవరైనా చెబితే ఇప్పటికీ ఒకటే అడుగుతాను: వాళ్లను మాట్లాడుకోనిచ్చారా?