సుగుణక్క అమెరికా పైస

మీరు చాయ్ తాగుకుంట నవ్వుతరో ఏడుస్తరో మీ ఇష్టం. నేనైతే నవ్వ. మొన్న గురువారం పట్టపగలు, రైలు డబ్బా అంత చూస్తుండంగ, రెండొందల ఏండ్ల నాణేన్ని నా కుడిచెయ్యి ఏం చేసిందో చెప్త వినుండ్రి. నా నాణెమే అయితే గింత రంది లేకపోవు.

నా సంగతి తెల్వనోళ్లకు చెప్తున్న. నేను బోధన్ల చక్కెర ఫ్యాక్టరీ ల్యాబుల పని చేసినోన్ని. చెరుకు రసం సీసాల పోసి, తీపి ఎంతున్నదో చూసి నంబరేసుడు నా డ్యూటీ. ఫ్యాక్టరీ మూతపడ్డది గని, నంబరేసే అలవాటు మూతపడలే. పాత నాణేలకు ఏసుడు షురూ చేసిన. అండ్ల గూడ నాకు అమెరికావాళ్ల పాత రాగి సెంట్లంటే పిచ్చి. పెద్దగ, బరువుగ, బెల్లం రంగుల ఉంటయి. ఒక దిక్కు జుట్టు విరబోసుకున్న ఆడమనిషి ముఖం, ఇంకో దిక్కు ఆకుల దండ. నా దగ్గరున్నయి మూడే. మిగతయన్ని పుస్తకాలల్ల చూసి మురిసినయే.

మా గల్లీల సుగుణక్క ఉంటది. లెక్కల టీచరు చేసి రిటైరైంది. నాకన్న ఎనిమిదేండ్లు పెద్ద. ఓ దినం పొద్దున పాత క్యాలెండర్ కాయితంల ఏందో చుట్టుకోని వచ్చింది.

"తమ్ముడు నరేందర్, ఇది మా అవ్వది. జర ఏందో చూడు" అన్నది.

విప్పిన. అమెరికా పెద్ద సెంటు! బోధన్ల! నా వరండాల!

వాళ్ల అవ్వ మిషన్ దవాఖానల ఆయా పని చేసిందట. ఓ అమెరికా డాక్టరమ్మ తిరిగి వాళ్ల దేశం పోయేటప్పుడు, "ఇది మా నాయినమ్మది, నీ దగ్గరుంచుకో" అని చేతుల పెట్టి పోయిందట. అవ్వ సచ్చేదాక కొంగుకే కట్టుకున్నది. ఫోటో ఒకటి, ఈ పైస ఒకటి. అవ్వ తరఫున మిగిలినయి గియే. వచ్చే ఆదివారం వర్ని దిక్కు వాళ్ల ఊరి చర్చి పండుగ. పాతతరం వాళ్లను యాది చేసుకుంటరట. ఫోటో పక్కకు పైస పెట్టి, అవ్వ ముచ్చట నలుగురికి చెప్పాల్నని అక్క ఆశ. "దవాఖానల అందరి పుండ్లు కడిగింది, తమ్ముడు. ఆమె పేరు ఏ రాయి మీద లేదు" అన్నది.

నేను కిటికి కాడ కూసోని భూతద్దం పెట్టి చూసిన. మెత్తటి బ్రష్షుతోని దుమ్ము దులిపిన. అయస్కాంతం పెట్టిన, అంటలే. మూడుసార్లు పెట్టిన, మూడుసార్లు అంటలే. అసలు రాగే! జుట్టు పాయలు అరిగినయి గని ముఖం మంచిగున్నది. అంచుకు చిన్న దెబ్బ. కిలుము లేదు.

"ఇరవై అక్క" అన్న.

"ఎంతకు?"

"డెబ్బైకి. నాణేల నంబర్లు డెబ్బై దాకనే."

అక్క ముఖం మాడింది. "డెబ్బైకి ఇరవయ్యా? అంటే నూటికి ఇరవై ఎనిమిదిన్నర. మా అవ్వ పైస ఫెయిలా?"

"అట్ల కాదక్క, గీ నాణేలల్ల ఇరవై అంటే మస్తు మంచి గ్రేడు!"

"ముప్పై ఐదు లేంది పాసెట్లయితది? నువ్వు మల్ల దిద్దు."

పేపర్ రీవాల్యుయేషన్ అడిగినట్టే అడిగింది. నాకు పౌరుషమొచ్చింది. నాందేడ్ల నాకు దోస్తు ఉన్నడు, పండ్ల డాక్టరు. నాణేల పెద్ద పుస్తకం, మైక్రోస్కోపు, అన్ని ఉన్నయి ఆయన దగ్గర. ఏ అచ్చుల కొట్టిన సెంటో, గ్రేడు కరెక్టెంతో ఆయనతోని చూపిస్త అన్న.

"ఫోటో కొట్టి వాట్సాప్ పంపరాదు" అన్నది అక్క.

నా దురదృష్టం చూడుండ్రి. ఆమె మాట విన్నా బతికిపోయేటోన్ని. "ఫోటోల రాగి రంగు తెల్వదక్క! చేతుల పట్టుకోని చూడాలె! నా దగ్గరుంటే బ్యాంకు లాకర్ల ఉన్నట్టే!" అని ఛాతి కొట్టుకున్న.

పోయేటప్పుడు నేనే ఆమెకు క్లాసు పీకిన. "అక్కా, ఇన్నేండ్లు కాయితంల చుట్టి పెట్టినవు, తప్పు. ముఖం మీద ఏలు పెట్టొద్దు, అంచులే పట్టుకోవాలె. తడి అస్సలు తగలనీయొద్దు. రాగికి తడి అంటే విషం." అక్క పాపం చిన్నపోరి లెక్క తలకాయ ఊపింది.

గురువారం నిజామాబాద్‌ల రైలెక్కిన. కిటికి సీటు దొరికింది. మెత్తటి బట్టల చుట్టి, డబ్బిల పెట్టి, డబ్బి లోపలి జేబుల పెట్టి, జేబుకు పిన్నీసు పెట్టిన. జేబు మీద చెయ్యి పెట్టుకోనే కూసున్న. ఎదురుంగ ఓ ముసలవ్వ, నాందేడ్ దిక్కు మరాఠామె. తెలుగు, మరాఠి కలిపి మాట్లాడుతది. నా చెయ్యి దిక్కే చూసి, "ఏమైంది బాబా, ఛాతిల నొప్పా?" అన్నది.

అడగక అడగక అడిగింది. ఇంట్ల నా భార్య అయితే నాణెం పేరెత్తంగనే స్టవ్ కాడికి పోతది. ఈమె పోవుటానికి జాగ లేదు. ఇగ ఆగుతనా? పిన్నీసు తీసిన, డబ్బి తీసిన, బట్ట విప్పిన. కుడిచేతి రెండేళ్లతోని అంచులు పట్టుకోని ఎత్తి చూపెట్టిన. "చూడు అవ్వ, గిట్ల పట్టుకోవాలె. ముఖం ముట్టొద్దు." పక్క సీటోళ్లు గూడ మెడలు సాచిండ్రు. నాకు స్టేజీ ఎక్కినట్టే అయింది. జుట్టు పాయలు చూపెట్టిన, ఆకులు చూపెట్టిన, ఎడమచెయ్యి ఊపుకుంట కిలుము గురించి లెక్చర్ ఇచ్చిన.

ఆ ఎడమచేతుల రెండు రూపాయల బిళ్ల ఉన్నది. ఎందుకంటే నవీపేట స్టేషన్ దాటంగనే తీసి పట్టుకున్న. మా దిక్కు గోదారిని గంగ అనే అంటం. బాసర వంతెన మీద గంగకు పైస ఏయకుండ పోయినోన్ని నేను ఇప్పటిదాక కాలే. చిన్నప్పుడు మా బాపు నన్ను ఒడిల కూసోపెట్టుకోని ఏయించెటోడు. ఇప్పుడు ఫోన్ల పైసలొచ్చినంక చిల్లరే దొరుకుతలేదు, అందుకే ముందుగాలే సంబాలించి పెట్టుకున్న.

రైలు చప్పుడు మారింది. వంతెన ఎక్కింది. డబ్బాల ఎవరో, "గంగ! గంగొచ్చింది!" అని ఒర్రిండ్రు. అందరు లేసిండ్రు. ముసలవ్వ ముందుకొంగి కిటికిలకెళ్లి ఏసింది. పక్కాయన ఏసిండు. నేను గూడ ఏసిన. ఏసి, కండ్లు మూసుకోని, రెండు చేతులు జోడిచ్చి దండం పెట్టిన.

జోడిచ్చిన చేతుల నడుమ ఏందో గట్టిగ తాకింది.

కండ్లు తెరిచి చూసిన. రెండు రూపాయల బిళ్ల తళతళ మెరుస్తున్నది.

యాభై ఏండ్ల సంది కుడిచేతితోనే ఏస్తున్న కదా! ఎడమచేతితోని గంగకు ఎవడేస్తడు! చెయ్యికి తెలిసింది ఒక్కటే, గంగ రాంగనే ఏసుడు. దాని ఏళ్లల్ల ఏమున్నదో అదే ఏసింది.

ముసలవ్వకు కండ్లల్ల నీళ్లు తిరిగినయి. "అంత పెద్ద పైస ఏసినవా బాబా! మేమందరం రూపాయి, రెండ్రూపాయలు. నీది పెద్ద మనసు. గంగామాయి నిన్ను సల్లగ చూస్తది!" అని నా తలకాయ మీద చెయ్యి పెట్టి దీవించింది. పక్కాయన నాకు దండం పెట్టిండు. అందరి నడుమ దేవునోలె నిలవడ్డ. లోపల ఏడుపొస్తున్నది.

బాసర స్టేషన్ల దుంకిన. ఆటో పట్టుకోని గంగ ఒడ్డుకు ఉరికిన. అక్కడ ఒకాయన తాడుకు పెద్ద అయస్కాంతం కట్టి నీళ్లల్ల ఇసిరి, జనాలేసిన పైసలు గుంజుతున్నడు. నాకు పాణం లేసొచ్చింది.

"అన్నా, రైలు వంతెన కాడ నా పైస పడ్డది. ఎంతన్న ఇస్త, జర ఆడ ఇసురవా?"

"ఎసొంటి పైస సార్?"

"రాగిది."

ఆయన తాడు గుంజుడు ఆపిండు. నన్ను కిందికెళ్లి మీదికి చూసిండు. "రాగి దీనికి అంటుతదా సార్? చదువుకున్నోళ్ల లెక్క కనవడ్తున్నరు."

ముప్పై ఏండ్లు ల్యాబుల పని చేసినోన్ని నేను! మూడుసార్లు అయస్కాంతం పెట్టి, అంటకపోతే సంబురపడ్డది నేను! జిందగిల మొట్టమొదటిసారి దేవుణ్ణి మొక్కిన, "సామీ, ఆ నాణెం నకిలీదన్న కావాలె, లోపల ఇనుము ఉండాలె" అని. నకిలీదైతే దొరికేది. అసలుదాయె, పోయింది. ఆయన జాలిపడి రెండుసార్లు ఇసిరిండు. ఒకసారి గొలుసు ముక్క, ఇంకోసారి ఓ మేకు వచ్చినయి. చేతులు కాలినంక ఆకులు పట్టుకున్నట్టయింది నా బతుకు.

నాందేడ్ దోస్తుకు ఫోన్ చేసిన. ఆయన అంత విని, "పరేషాన్ కాకు. నా దగ్గర అసొంటిదే ఒకటున్నది. తీస్కపోయి ఇయ్యి, ఆమెకేం తెలుస్తది" అన్నడు. అబద్ధమెందుకు, జరసేపు ఆశ పుట్టింది. మల్ల అనుకున్న, తెలుస్తది. అవ్వ కొంగుల, అక్క పెట్టెల, ఇంతకాలం ఒకే ఇంటోళ్ల చేతులు తిరిగిన పైస అది. అక్క కండ్లు మూసుకోని ముట్టినా గుర్తువడ్తది. తెల్వకున్నా, ఆ ఆదివారం ఆమె అవ్వ ముచ్చట చెప్పుకుంట ఎవరిదో పైస చూపెడితే, నేను ఏ ముఖం పెట్టుకోని కూసుండాలె?

సాయంత్రానికి బోధన్‌కొచ్చిన. సక్కగ సుగుణక్క ఇంటికే పోయిన. చిక్కుడుకాయ ఈనెలు తీస్తున్నది. "వచ్చినవా తమ్ముడు, పాసయిందా?" అన్నది.

నిలవడే చెప్పిన. ఒక్క ముక్క దాయలే. కుడిచెయ్యి, ఎడమచెయ్యి, దీవెన, మేకు, అన్ని చెప్పిన.

అక్క చిక్కుడుకాయ పట్టుకున్నది పట్టుకున్నట్టే ఉన్నది. తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకోని ఏడ్చింది. నేను గూడ ఏడ్చిన. తిట్టినా బాగుండు. కండ్లు తుడుసుకోని అన్నది, "చిన్నప్పుడు అవ్వతోని నిర్మల్ పోయేటప్పుడు బస్సుల అందరు గంగల పైసలేసెటోళ్లు. నేనూ ఏస్త అని ఏడ్చేదాన్ని. మనకు ఆ మొక్కు లేదు బిడ్డా అనేది అవ్వ. అసలు మాట అది కాదు. ఆమె కొంగుల ఆ పైస ఒక్కటే ఉండేది, ఏయనీకె వేరేది లేకుండె."

నేను కూసోని ఓ చిక్కుడుకాయ అందుకోని ఈనె తీసిన.

"ఏస్తే ఏసినవు గని" అన్నది అక్క, ముక్కు తుడుసుకుంట, "నన్నన్న తీస్కపోయి ఉంటే నా చేతితోనే ఏద్దును కదరా!"

అని పకపక నవ్వింది. మల్ల ఏడ్చింది. ఏదో గుర్తొచ్చినట్టు, "నీ చేతుల మిగిలిందన్నవు, ఆ రెండు రూపాయలేది? ఇటియ్యి" అన్నది. ఇచ్చిన.

ఆదివారం చర్చిల అవ్వ ఫోటో పెట్టిండ్రు. పక్కకు అద్దాల డబ్బిల, ఎర్ర బట్ట మీద, నా రెండు రూపాయల బిళ్ల. అక్క అవ్వ పేరు చెప్పింది, దవాఖాన ముచ్చట చెప్పింది, డాక్టరమ్మ ముచ్చట చెప్పింది. నిమ్మలంగ విన్నరు అందరు. "ఇగ పైస ఏమైందో మా తమ్ముడు చెప్తడు" అని నన్ను లేపింది. చెప్పిన. అవ్వ కోసం కండ్లు తుడుసుకున్న జనమే నన్ను చూసి బెంచీలు కొట్టుకుంట నవ్విండ్రు. అవ్వ పేరు మాత్రం ఆ ఊర్ల ఇగ ఎవ్వరు మరువరు. ఆ ఒక్క మాటకు నా మనసు జర కుదుటపడ్డది.

అన్నాలు తిన్నంక అక్క ఒక చేతుల ఫోటో, ఒక చేతుల అద్దాల డబ్బి పట్టుకోని ఆటో కాడికి నడుస్తున్నది. నాకు పాణం ఆగలే. "అక్కా, బరువు. డబ్బి నాకియ్యి, బోధన్ దాక నేను పట్టుకుంట" అన్న.

అక్క నిలవడి నా దిక్కు చూసింది. "తొవ్వల నీళ్లేమన్న ఉన్నయా తమ్ముడు?"

"ఏం లేవక్క" అన్న. "నిజాంసాగర్ కాల్వ ఒక్కటి, అంతే."

"అయితే వద్దు" అని, డబ్బి కొంగుల చుట్టుకోని ఆటో ఎక్కింది.